డాకింగ్ స్కోరు చేతిలో ఉంది, సింపోజియంలో పోస్టర్ ఎలా పెట్టాలి?

“డాకింగ్ చేశాను, మైనస్ 9.2 వచ్చింది. సింపోజియంకి పోస్టర్ పంపొచ్చా?” మాలిక్యులర్ డిజైన్, డ్రగ్ డిస్కవరీ అంశంగా ఏ ప్రాంతీయ కెమిస్ట్రీ సింపోజియం ప్రకటన వచ్చినా ఎమ్మెస్సీ విద్యార్థులు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు అడిగేది ఇదే. డాకింగ్ అంటే ఒక అణువు ప్రోటీన్‌లో ఎక్కడ, ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం. స్కోరు ఎంత మైనస్‌లోకి వెళ్తే అంత గట్టిగా అతుక్కుంటుందని ఆ అంచనా. పంపొచ్చు. అయితే ఆ 9.2 ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్తే రెండో ప్రశ్నకే ఇరుక్కుంటారు. పోస్టర్లు చూడ్డానికి వచ్చే మెడిసినల్ కెమిస్టులకి మీ స్కోరు మీద అంత ఆసక్తి ఉండదు. జవాబు ముందే తెలిసిన అణువుని మీ పద్ధతి సరైన చోట కూర్చోబెట్టగలిగిందా లేదా అని ముందు చూస్తారు.

అందుకే ఇక్కడ చెప్పే వరసలో ముందు పద్ధతికి పరీక్ష, తర్వాత మీ అణువులు, చివర్లో పోస్టర్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పోస్టర్ ప్రింటయ్యాక పరీక్ష గుర్తొస్తే చేయడానికి ఏమీ ఉండదు.

కావలసినవి

- మామూలు ల్యాప్‌టాప్. పదీ ఇరవై అణువుల డాకింగ్‌కి పెద్ద సర్వర్ అక్కర్లేదు.
- ఆటోడాక్ వినా. ఉచితం. ఓలెగ్ ట్రాట్, ఆర్థర్ ఓల్సన్ 2010లో ప్రచురించిన ప్రోగ్రామ్. 1.2 వెర్షన్ గురించిన పేపర్ 2021లో వచ్చింది. పాత 1.1.2 ఉన్నా పని జరుగుతుంది, ఏది వాడారో మాత్రం రాసిపెట్టుకోండి.
- ఫైళ్ల తయారీకి ‘మీకో’ (Meeko) అనే టూల్ లేదా ఆటోడాక్‌టూల్స్, దాంతోపాటు ఓపెన్ బేబెల్.
- బొమ్మలు చూడ్డానికి పైమాల్ లేదా కైమెరాఎక్స్.
- ప్రోటీన్ నిర్మాణాలకి ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ), ప్రయోగాల్లో కొలిచిన విలువలకి కెంబల్ డేటాబేస్.
- అబ్‌స్ట్రాక్ట్ గడువుకి ముందు కనీసం మూడు వారాలు. డాకింగ్ ఒక్క రాత్రిలో అయిపోతుంది, టైమంతా తినేది తయారీ, తనిఖీ.

1. ముందు నిబంధనలు చదవండి

అబ్‌స్ట్రాక్ట్‌కి ఎన్ని పదాలు, పోస్టర్ బోర్డు నిలువా అడ్డమా, బొమ్మలు ఒప్పుకుంటారా, ప్రజెంటింగ్ ఆథర్ ఎవరు, ఈ నాలుగూ చూసుకోండి. గైడ్ పేరు, సహ రచయితల పేర్లు పెట్టే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. గడువు రోజు సాయంత్రం ఫోన్ చేసి అడిగితే ఎవరికైనా ఇబ్బందే.

2. ప్రోటీన్ నిర్మాణాన్ని ఎంచుకోండి

డేటా బ్యాంక్‌లో ఒకే ప్రోటీన్‌కి పదుల కొద్దీ నిర్మాణాలు దొరుకుతాయి. మూడు విషయాలు చూస్తే చాలు. రిజల్యూషన్ 2.5 ఆంగ్‌స్ట్రామ్ లేదా అంతకంటే మెరుగ్గా (అంటే ఇంకా చిన్న అంకె) ఉండాలి. పాకెట్‌లో (ప్రోటీన్‌లో మందు కూర్చునే గుంటలో) మందులాంటి లిగాండ్ (ప్రోటీన్‌కి అతుక్కునే అణువు) ఒకటి ఇప్పటికే కూర్చుని ఉండాలి. పాకెట్ చుట్టుపక్కల రెసిడ్యూలు (ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాలు) ఏవీ మిస్ అవ్వకూడదు. లిగాండ్ లేని నిర్మాణం తీసుకుంటే తర్వాత పద్ధతిని పరీక్షించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

సాధన కోసం 1ఐఈపీ (డేటా బ్యాంక్‌లో నిర్మాణం కోడ్) తో మొదలుపెట్టండి. ఏబీఎల్ కైనేజ్ అనే ఎంజైమ్, అందులో క్యాన్సర్ మందు ఇమాటినిబ్, రిజల్యూషన్ 2.1 ఆంగ్‌స్ట్రామ్. వినా సొంత ట్యుటోరియల్‌లో కూడా ఇదే ఉంటుంది కాబట్టి ఎక్కడ తప్పిందో పోల్చి చూసుకోవచ్చు.

హెచ్చరిక: ప్రోటీన్ ఏ భంగిమలో ఉందో కూడా ముఖ్యమే. ఇమాటినిబ్ కూర్చునేది కైనేజ్ నిష్క్రియ రూపంలో. అదే ప్రోటీన్ క్రియాశీల రూపాన్ని తీసుకుని ఇమాటినిబ్‌ని డాక్ చేస్తే పాకెట్ ఆకారమే వేరు, సరైన ఫలితం రాదు. అప్పుడు తప్పు ప్రోగ్రామ్‌ది అనుకోకండి.

ఇంకో హెచ్చరిక: లిగాండ్ ప్రోటీన్‌తో కోవలెంట్ బంధం వేసుకుందేమో చూడండి. 2020 నుంచి లెక్కలేనన్ని పోస్టర్లలో కనిపించే 6ఎల్‌యూ7 నిర్మాణం ఇలాంటిదే. కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్‌లో ఎన్3 అనే అణువు సిస్టీన్ 145కి రసాయనికంగా అతుక్కుని ఉంటుంది. మామూలు డాకింగ్ ఈ బంధాన్ని లెక్కలోకి తీసుకోదు. దాంతో రీడాకింగ్ (ఆ లిగాండ్‌నే మళ్లీ డాక్ చేయడం, నాలుగో అడుగు) సరిగా రాకపోతే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. కోవలెంట్ కాని లిగాండ్ ఉన్న నిర్మాణం వెతుక్కోండి.

3. ప్రోటీన్‌ని శుభ్రం చేయండి, చూసుకుని

“నీళ్లన్నీ తీసేయండి, ఒక చెయిన్ ఉంచి మిగతావి తీసేయండి” అని చాలా వీడియోల్లో చెబుతారు. నీళ్లంటే నిర్మాణం ఫైల్‌లో ఉండే నీటి అణువులు, చెయిన్ అంటే ప్రోటీన్‌లోని ఒక్కో అమైనో ఆమ్లాల గొలుసు. కళ్లు మూసుకుని అలా చేస్తేనే ఎక్కువమందికి పని చెడుతుంది. 1ఐఈపీలో రెండు చెయిన్లు ఒకే ప్రోటీన్‌కి రెండు కాపీలు, ఒకటి చాలు. 1హెచ్‌ఎస్‌జీ తీసుకోండి, ఇది ఇండినావిర్ ఉన్న హెచ్‌ఐవీ ప్రోటియేజ్. అక్కడ పాకెట్ రెండు చెయిన్ల మధ్యే ఏర్పడుతుంది. ఒకటి తీసేస్తే సగం పాకెట్ పోతుంది. అయినా డాకింగ్ నడుస్తుంది, స్కోరూ వస్తుంది, ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు!

నీళ్ల సంగతీ అంతే. 1హెచ్‌ఎస్‌జీలో ఒక నీటి అణువు రెండు చెయిన్ల ఐసోల్యూసిన్ 50లకీ ఇండినావిర్‌కీ మధ్య వంతెనలా ఉంటుంది. దాన్ని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చేసి చూడండి. దూరంగా తేలుతున్న మిగతా నీళ్లు తీసేయవచ్చు. హీమ్, జింక్ లాంటివి పాకెట్‌లో ఉంటే ఉంచాలి. జింక్‌తో లిగాండ్ కట్టుకునే తీరుని వినా అంత బాగా అంచనా వేయలేదు కాబట్టి మొదటి ప్రాజెక్టుకి లోహం ఉన్న పాకెట్ జోలికి వెళ్లకపోవడమే నయం.

హైడ్రోజన్లు చేర్చండి. గాస్టైగర్ చార్జీలు పెట్టాలా, కోల్‌మన్‌వా అని మాత్రం తల పట్టుకోకండి. వినా సొంత స్కోరింగ్ మీరిచ్చిన చార్జీలను పట్టించుకోదు.

ఎలా చెక్ చేయాలి: తయారైన పీడీబీక్యూటీ ఫైల్‌ని (వినా చదివే రకం) మళ్లీ పైమాల్‌లో తెరవండి. అసలు నిర్మాణం మీద పెట్టి చూడండి. చెయిన్లు అనుకున్నన్నే ఉన్నాయా, పాత లిగాండ్ పూర్తిగా పోయిందా, పాకెట్‌లో ఏ రెసిడ్యూ అయినా రెండు భంగిమల్లో ఒకదానిమీద ఒకటి ఉందా అని చూడండి. ఉంటే ఒక్క భంగిమనే ఉంచండి.

4. తెలిసిన లిగాండ్‌ని మళ్లీ డాక్ చేయండి

దీన్నే రీడాకింగ్ అంటారు. క్రిస్టల్ నుంచి, అంటే డేటా బ్యాంక్ నుంచి తెచ్చిన నిర్మాణం నుంచి, లిగాండ్‌ని తీసి, అదే ఆకారాన్ని తిరిగి డాక్ చేస్తే మీరు పరీక్షకి కొంచెం జవాబు అందించినట్టే. వినా అణువుని తిప్పుతుంది, తిరిగే బంధాలని మారుస్తుంది కానీ బంధాల పొడవులు, రింగుల ఆకారం మీరిచ్చినవే ఉంచుతుంది. కాబట్టి స్మైల్స్ (అణువుని అక్షరాల్లో రాసే పద్ధతి) నుంచి కొత్తగా త్రీడీ నిర్మాణం తయారు చేసుకుని వాడండి.

ప్రోటాన్లు చూసుకోండి. ఇమాటినిబ్‌లో పైపరజీన్ చివర మిథైల్ ఉన్న నైట్రోజన్ శరీరపు పీహెచ్ దగ్గర ప్రోటాన్ తీసుకుని ఉంటుంది. కార్బాక్సిలిక్ ఆమ్లాలైతే ప్రోటాన్ పోగొట్టుకుంటాయి. అడిగితే సాఫ్ట్‌వేర్ 7.4 పీహెచ్‌కి సరిచేస్తుంది, కానీ దాని పని మీ కంటితో ఒకసారి చూడాలి. కెమిస్ట్రీ చదివింది ఇందుకే కదా.

తర్వాత బాక్స్, అంటే వినా వెతకాల్సిన చోటు. కేంద్రం క్రిస్టల్‌లోని లిగాండ్ మధ్యలో ఉండాలి, ప్రతి వైపూ లిగాండ్ అంచు నుంచి 5 నుంచి 8 ఆంగ్‌స్ట్రామ్ ఖాళీ ఉండాలి. ఎక్కువసార్లు జరిగే పొరపాటు: ఆటోడాక్‌టూల్స్ బాక్స్ పరిమాణాన్ని పాయింట్లలో చూపిస్తుంది, పాయింట్ల మధ్య దూరం మామూలుగా 0.375 ఆంగ్‌స్ట్రామ్. వినాకి కావాల్సింది ఆంగ్‌స్ట్రామ్‌లలో. అక్కడ 60 పాయింట్లంటే 22.5 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. ఆ 60ని అలాగే వినా కాన్ఫిగ్ ఫైల్‌లో పెడితే బాక్స్‌లోకి సగం ప్రోటీన్ వచ్చేస్తుంది. బాక్స్ ఘనపరిమాణం 27,000 ఘన ఆంగ్‌స్ట్రామ్ దాటితే, అంటే ఒక్కో వైపు 30 కంటే పెద్దదైతే, వినానే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికని దాటవేయకండి.

ఎగ్జాస్టివ్‌నెస్, అంటే ఎంత గట్టిగా వెతకాలో చెప్పే అంకె, డిఫాల్ట్ 8. తిరిగే బంధాలు ఎక్కువున్న అణువులకి 32 పెట్టండి. సీడ్ (వెతుకులాట మొదలుపెట్టే యాదృచ్ఛిక సంఖ్య) మార్చి మూడుసార్లు నడపండి. మూడుసార్లూ మొదటి భంగిమ ఒకేలా వస్తే వెతుకులాట సరిపోయినట్టు. మూడూ మూడు దారుల్లో వెళ్తే ఎగ్జాస్టివ్‌నెస్ ఇంకా పెంచాలి.

5. ఆర్‌ఎంఎస్‌డీ కొలవండి, తప్పు దారిలో కాదు

అన్నిటికంటే ఎక్కువ పోస్టర్లు పడిపోయేది ఇక్కడే. ఆర్‌ఎంఎస్‌డీ అంటే రెండు భంగిమల్లో పరమాణువుల స్థానాలకి మధ్య ఒక రకం సగటు దూరం.

వినా ఫలితాల పట్టికలో స్కోరు పక్కన రెండు ఆర్‌ఎంఎస్‌డీ నిలువు వరసలు ఉంటాయి. మొదటి భంగిమకి అవి ఎప్పుడూ సున్నానే. చాలామంది ఆ సున్నాని చూపించి “పద్ధతి నూటికి నూరు శాతం సరైనది” అని రాస్తుంటారు. ఆ అంకెలు మిగతా భంగిమలు వినా ఇచ్చిన మొదటి భంగిమకి ఎంత దూరంలో ఉన్నాయో చెప్తాయి. క్రిస్టల్‌తో వాటికి సంబంధం లేదు. మీకు కావాల్సిన పోలిక మీరే విడిగా చేసుకోవాలి.

రెండో తప్పు పైమాల్‌లో జరుగుతుంది. అలైన్ కమాండ్ ఇస్తే అది ఒక అణువుని జరిపి రెండోదాని మీద పెట్టి, అప్పుడు తేడా లెక్కిస్తుంది. లిగాండ్ పాకెట్‌కి పది ఆంగ్‌స్ట్రామ్‌ల బయట ఉన్నా ఆకారం కలిస్తే చక్కటి అంకె వచ్చేస్తుంది. అణువుల్ని జరపకుండా ఉన్నచోటనే కొలవాలి. ఓపెన్ బేబెల్‌తో వచ్చే ఓబీ ఆర్‌ఎంఎస్ డిఫాల్ట్‌గా అలాగే కొలుస్తుంది. పైగా సిమెట్రీని కూడా చూసుకుంటుంది. బెంజీన్ రింగ్ సగం తిరిగితే రసాయనికంగా తేడా ఏమీ లేదు కానీ, పరమాణువుల నంబర్లని గుడ్డిగా పోల్చే పద్ధతిలో ఆర్‌ఎంఎస్‌డీ అనవసరంగా పెరిగిపోతుంది.

ఫలితం 2 ఆంగ్‌స్ట్రామ్ లోపు వస్తే ముందుకెళ్లండి. 2 నుంచి 3 మధ్య వస్తే బొమ్మ తెరిచి చూడండి. ద్రావణం వైపు వేలాడే తోక ఒక్కటే కదిలి, అసలు బంధాలు వేసే భాగం సరిగ్గా ఉంటే ఆ మాట రాసి కొనసాగించవచ్చు. 3 దాటితే ఆగాల్సిందే. ప్రోటాన్లు, చెయిన్లు, నీళ్లు, బాక్స్, ఈ వరసలో మళ్లీ చూడండి.

అంకెతో పాటు బంధాలూ చూడాలి. ఏబీఎల్‌లో ఇమాటినిబ్ మెథియోనిన్ 318తోనూ థ్రియోనిన్ 315తోనూ హైడ్రోజన్ బంధాలు వేస్తుంది. ఆ 315 స్థానంలో ఐసోల్యూసిన్ వస్తే మందు పనిచేయకపోవడం క్లినిక్‌లోనే కనిపించిన విషయం. మీ రీడాకింగ్‌లో ఈ రెండూ తిరిగి వచ్చాయంటే అది చెప్పుకోదగ్గ ఆధారం.

ఓపిక ఉంటే ఇంకో మెట్టు: కెంబల్ నుంచి ఆ ప్రోటీన్ మీద బాగా పనిచేసేవి పది, పనిచేయవని కొలిచినవి పది తీసుకుని డాక్ చేయండి. పనిచేసేవి పైకి వచ్చాయా? రాకపోయినా దాచకండి, పోస్టర్‌లో పెట్టండి.

6. ఇప్పుడు మీ అణువులు

ఇరవై అణువుల్ని కుప్పగా పోయడం కంటే ఒక మూల అణువు, దానికి ఒక్కో మార్పుతో ఐదారు అనలాగ్‌లు పెట్టడం మేలు. అప్పుడే “ఇక్కడ ఫ్లోరిన్ పెడితే ఏమైంది” అని చెప్పగలుగుతారు. వాటిలో ఒకటి కావాలనే చెడగొట్టినది ఉండాలి. ఉదాహరణకి ముఖ్యమైన హైడ్రోజన్ బంధం వేసే ఎన్‌హెచ్ మీద మిథైల్ పెట్టండి. ఆ అణువుకి కూడా అదే స్కోరు వస్తే మీ మోడల్ ఆ బంధాన్ని లెక్కచేయడం లేదని తెలిసిపోతుంది. ఇలాంటి నెగెటివ్ కంట్రోల్ విద్యార్థుల పోస్టర్లలో చాలా అరుదు, పెట్టినవాళ్లు వెంటనే కంటపడతారు.

తయారీలో జారే చోట్లు:

- డేటాబేస్ నుంచి తెచ్చిన స్మైల్స్‌లో హైడ్రోక్లోరైడ్ లాంటి లవణ భాగం ఉండిపోవడం. తీసేయండి.
- కైరల్ కేంద్రం ఉన్నా ఆర్, ఎస్ చెప్పకపోవడం. సాఫ్ట్‌వేర్ తనకి తోచింది పెట్టేస్తుంది. రెండూ విడివిడిగా డాక్ చేయండి.
- చదునైన టూడీ ఫైల్‌ని అలాగే వాడటం. త్రీడీ చేసి, ఎనర్జీ మినిమైజ్ చేశాకే వాడాలి.

7. స్కోరుని చదవడం

వినా స్కోరు యూనిట్ కిలోక్యాలరీ పర్ మోల్ కాబట్టి అది ప్రయోగంలో కొలిచిన విలువలా అనిపిస్తుంది. అసలు పేపర్‌లోనే ఇచ్చిన స్టాండర్డ్ ఎర్రర్ 2.85. గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.4 కిలోక్యాలరీ తేడా అంటే బైండింగ్‌లో పది రెట్ల తేడా. లెక్క వేసుకుంటే 2.85 వంద రెట్లు దాటిపోతుంది. ఈ పరిస్థితిలో మైనస్ 9.2 వచ్చిన అణువు మైనస్ 8.9 వచ్చినదానికంటే మేలని రాయడానికి వీల్లేదు. రెండూ ఒకే గుంపులో పెట్టండి. స్కోరుని కేఐగా (ప్రయోగంలో కొలిచే బైండింగ్ బలం) మార్చి నానోమోలార్‌లలో రాయడం అసలే వద్దు.

గుర్తు వదిలేస్తే స్కోరు అణువు పరిమాణంతో పాటు పెరుగుతుంది కూడా. అందుకే లిగాండ్ ఎఫిషియెన్సీ లెక్కించండి: స్కోరు గుర్తు తీసేసి, హైడ్రోజన్ కాని పరమాణువుల సంఖ్యతో భాగించండి. 38 భారీ పరమాణువులతో మైనస్ 9.5 తెచ్చిన అణువుకి 0.25 వస్తుంది. 20 పరమాణువులతో మైనస్ 7.0 తెచ్చినదానికి 0.35. డిజైన్‌ని ముందుకు తీసుకెళ్లాలంటే రెండోదే మంచి ఆరంభం. సాధారణంగా 0.3 దగ్గర గీత గీస్తారు.

క్రిస్టల్‌లోని తెలిసిన లిగాండ్ స్కోరు కూడా అదే పట్టికలో మొదటి వరసలో ఉండాలి. అది లేని పట్టికని ఎవరూ చదవలేరు.

8. మందుకి పనికొస్తుందా, త్వరగా ఒక చూపు

స్విస్ఏడీఎంఈ వెబ్ టూల్‌లో స్మైల్స్ పెడితే లిపిన్‌స్కీ నియమాలు, పెయిన్స్ (పరీక్షల్ని తప్పుదారి పట్టించే అణు భాగాలు) హెచ్చరికలు, తయారీ ఎంత కష్టమో చెప్పే 1 నుంచి 10 అంకె ఒకేసారి వస్తాయి. 1997 నాటి లిపిన్‌స్కీ నియమాలు నోటి ద్వారా తీసుకునే మందులకి మార్గదర్శకాలు, అంతే. పైన చెప్పిన ఇండినావిర్ అణుభారం సుమారు 614, నియమం చెప్పే 500 దాటినా అది నోటి ద్వారానే వాడిన మందు. కాబట్టి “లిపిన్‌స్కీ పాసైంది” అన్నదాన్ని ముఖ్య ఫలితంగా పెట్టకండి.

పెయిన్స్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రోడనీన్, కేటెకాల్, కర్కుమిన్ తరహా అణువులు పరీక్షల్లో కనిపించిన ప్రోటీన్‌తోనల్లా పనిచేసినట్టు తప్పుడు సిగ్నల్ ఇస్తుంటాయి. మీ అణువులో అలాంటి భాగం ఉంటే మీరే ముందుగా చెప్పండి.

9. అబ్‌స్ట్రాక్ట్ రాయండి

మొదటి వాక్యంలో ఏ ప్రోటీన్, ఎందుకు. రెండోది పద్ధతి, రీడాకింగ్ ఆర్‌ఎంఎస్‌డీతో సహా. తర్వాత ఒకే ఒక్క ఫలితం. చివర ఏం పరీక్షించాల్సి ఉందో. “శక్తిమంతమైన ఇన్‌హిబిటర్ కనుగొన్నాం” అని రాయకండి, మీరు ఎంజైమ్‌ని ముట్టుకోలేదు. “ఫలానా మార్పు వల్ల ఫలానా బంధం బలపడుతుందని లెక్కలు సూచిస్తున్నాయి” అంటే చాలు, దాన్ని ఎవరూ కాదనలేరు. క్యాన్సర్ మరణాల సంఖ్యతో మొదలయ్యే రెండు మూడు లైన్లు కొట్టేయండి, పద పరిమితి అక్కడే ఖర్చయిపోతుంది.

10. పోస్టర్ వేయండి

ఏ0 సైజు 841 బై 1189 మిల్లీమీటర్లు. శీర్షికలో పద్ధతి పేరు కంటే మీరు కనుగొన్నది ఉండాలి. మధ్యలో ఒక పెద్ద బొమ్మ: క్రిస్టల్ లిగాండ్ ఒక రంగులో, మీ రీడాకింగ్ భంగిమ ఇంకో రంగులో, ఒకదానిమీద ఒకటి. దాని పక్కన ఆర్‌ఎంఎస్‌డీ. తర్వాత మీ ఉత్తమ అణువు బొమ్మ, చిన్న పట్టిక. తాళం, తాళంచెవి బొమ్మ వద్దు. అది ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన పోలిక, అక్కడికి వచ్చేవాళ్లందరికీ తెలుసు.

పైమాల్ నల్ల బ్యాక్‌గ్రౌండ్ స్క్రీన్‌షాట్ ప్రింట్‌లో మురికిగా వస్తుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, రే ట్రేస్ చేసి, ప్రింట్ సైజుకి 300 డీపీఐ వచ్చేలా సేవ్ చేయండి. ఎరుపు, ఆకుపచ్చ జంట వాడితే కొందరికి తేడా తెలియదు, నీలం, నారింజ వాడండి. ఇంటరాక్షన్ డయాగ్రమ్‌లో అననుకూల స్పర్శలు కూడా వస్తే వాటిని చెరిపేయకండి, చూసేవాళ్లు గమనిస్తారు.

ఎలా చెక్ చేయాలి: మొత్తం పోస్టర్‌ని ఒక ఏ4 కాగితం మీద ప్రింట్ తీయండి. అన్నీ నాలుగో వంతుకి తగ్గుతాయి, 24 పాయింట్ల అక్షరం 6 అవుతుంది. చేతిలో పట్టుకుని ఇబ్బంది లేకుండా చదవగలిగితే ఏ0లో సరిపోతుంది. రెసిడ్యూల పేర్లు చదవలేకపోతే, తప్పకుండా చాలామందికి అక్కడే తేలుతుంది, డయాగ్రమ్‌లోని లేబుళ్లు తీసేసి మళ్లీ చేత్తో పెద్దగా పెట్టండి.

11. పోస్టర్ ముందు

ఒక నిమిషంలో చెప్పగలిగేది సాధన చేయండి. సమస్య, పరీక్ష, ఫలితం, అంతే. తర్వాత వాళ్లే అడుగుతారు. దాదాపు ప్రతిసారీ వచ్చే ప్రశ్నలు ఇవి:

- “ఈ పీడీబీ నిర్మాణమే ఎందుకు?” రిజల్యూషన్, లిగాండ్, భంగిమ చెప్పండి.
- “నీళ్లు ఏం చేశారు?” మూడో అడుగు.
- “ప్రోటీన్ కదలదా?” వినా మామూలు డాకింగ్‌లో కదలదని ఒప్పుకోండి. వీలైతే మొదటి రెండు అణువులకి మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికని కంప్యూటర్‌లో నడిపి చూడటం) చేయాలనుకుంటున్నామని చెప్పండి, చేయనిది చేశామనకండి.
- “తయారు చేయగలరా?” కనీసం రెండు మూడు మెట్ల సింథసిస్ దారి కాగితం మీద గీసి ఉంచుకోండి. కెమిస్ట్రీ సింపోజియం కాబట్టి ఇది తప్పదు.
- “ఈ అణువు ఇంతకుముందు ఎవరూ చేయలేదా?” బయల్దేరే ముందు కెంబల్, పబ్‌కెమ్‌లలో నిర్మాణం పెట్టి వెతకండి. ఐదు నిమిషాల పని.

రీడాకింగ్ ఎంతకీ సరిగా రాలేదు, అబ్‌స్ట్రాక్ట్ గడువు రేపే అనుకోండి. రెండు దారులున్నాయి. అదే ప్రోటీన్‌కి వేరే నిర్మాణం తీసుకుని ఈ రాత్రికే రీడాకింగ్ ఒక్కటి చేసి చూడండి. అదీ కుదరకపోతే అంశాన్నే మార్చి, ఒకే లిగాండ్‌ని నీళ్లతో, నీళ్లు లేకుండా, రెండు నిర్మాణాల్లో డాక్ చేస్తే ఏం మారిందో పోస్టర్‌గా పెట్టండి. దానికి మీ అణువుల స్కోర్లతో పనేలేదు, మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఫైళ్లు చాలు. కాన్ఫిగ్ ఫైల్, వెర్షన్, సీడ్ నంబర్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి క్యూఆర్ కోడ్ ఇస్తే అడిగినవాళ్లు అక్కడికక్కడే చూసుకుంటారు.